పంట రాని గంజ్, గిరాకీ లేని బజారు: మార్కెటింగ్, పురపాలక శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వ్యవసాయ మార్కెటింగ్ శాఖ, పురపాలక శాఖ అధికారులకు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వ్యవసాయ మార్కెట్ కమిటీల పాలకవర్గాలకు,

నమస్కారములతో వ్రాయునది.

రెండు శాఖలకు కలిపి ఒకే లేఖ రాయడం పద్ధతి కాకపోవచ్చు. బజారులో గిరాకీ లేదంటే మున్సిపాలిటీ వ్యవహారమని, గంజ్‌కు, అంటే వ్యవసాయ మార్కెట్ యార్డుకు, సరుకు రావడం లేదంటే మార్కెట్ కమిటీ సంగతని విడదీసి మాట్లాడుకోవడం మనందరికీ అలవాటైపోయింది. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట, మక్తల్, నారాయణపేట, నకిరేకల్ వంటి ఊళ్లలో ఏ మెయిన్ రోడ్డు మీద కాసేపు నిలబడినా ఈ రెండూ ఒకటే జబ్బని తెలుస్తుంది. నేను అలాంటి ఒక పట్టణంలో విత్తనాల దుకాణం నడుపుతున్నాను. ఊరి పక్కన కొద్దిపాటి చెలక కూడా ఉంది. ఇది ఒక్క ఊరి గోడు కాదు కనుక మా ఊరి పేరు రాయడం లేదు.

చిన్న పట్టణాల బజార్లను సూపర్ మార్కెట్లు, ఆన్‌లైన్ అమ్మకాలు దెబ్బతీశాయని అందరూ అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే అవి మా దాకా రాకముందే చుట్టుపక్కల పల్లెల పంట మా బజారు గుండా నడవడం మానేసింది, పంట వెంట వచ్చే రైతూ రావడం మానేశాడు. పంటను మళ్లీ పట్టణానికి రప్పించే ఆలోచన లేకుండా రోడ్లు వెడల్పు చేసినా, డివైడర్ల మధ్య మొక్కలు నాటినా, సెంట్రల్ లైటింగ్ పెట్టినా ఆ వెలుతురులో కనిపించేవి మూసిన షట్టర్లే.

మా మెయిన్ రోడ్డును ఎవరో నక్షా గీసి కట్టించలేదు. ఒక కొసన గంజ్, మరో కొసన పాత బస్టాండు ఉండటంతో, పంట అమ్ముకున్న మనిషి బస్సెక్కడానికి నడిచే దారిగా అది పుట్టింది. ఆ నడకకు ముందు గంజ్‌లో ఏం జరిగేదో చూడని తరం ఇప్పుడు ఉద్యోగాల్లో ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఎర్రనేలల్లో పండిన కందులో, పల్లీలో, ఆముదాలో రాశిగా పోసేవారు. ఖరీదుదారు వంగి గుప్పెడు కందులు తీసి, అరచేతిలో పరిచి, పొట్టు ఊదేసి, పుచ్చులు ఎన్ని ఉన్నాయో బొటనవేలితో జరుపుతూ చూసేవాడు. తర్వాత ఒక గింజను పంటి కింద పెట్టేవాడు. పటుక్కున విరిగితే ఎండిన సరుకు, మెత్తగా అణిగితే పచ్చి సరుకు. ధర కుదిరాక హమాలీలు బస్తాలకెత్తితే దడ్వాయి కాంటా పెట్టేవాడు, అడ్తి (కమిషన్ ఏజెంటు) గుమస్తా తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాసేవాడు. డబ్బులు రుమాలులో ముడేసుకుని రైతు రోడ్డు మీదికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది.

అక్కడి నుంచి బస్టాండు దాకా ప్రతి దుకాణానికీ ఆయనతో పని ఉండేది. కమ్మరి కొలిమి దగ్గర కర్రు సాగగొట్టించుకోవాలి, పగ్గాలు, పలుపుతాళ్లు తీసుకోవాలి, కిరాణాలో పాత ఉద్దెర కట్టి కొత్త ఉద్దెర రాయించుకోవాలి, బట్టలు కొని దర్జీకి కొలత ఇవ్వాలి, ముసలమ్మకు మోకాళ్ల నొప్పి మందు అడగాలి. నా దుకాణంలో వచ్చే పంటకు విత్తనం తీసుకునేది కూడా అప్పుడే. విత్తనంతోపాటు పక్క ఊరి రైతు ఏ రకం వేశాడు, ఎంత దిగుబడి వచ్చింది అన్న కబురు కూడా దొరికేది.

ఆ బజారు ధర్మాత్ముల బజారేమీ కాదు. తరుగు పేరిట కిలోలు కోసేవారు, నమూనాకని తీసిన సరుకు తిరిగి బస్తాలో పడేది కాదు, అడ్తి దగ్గర తెచ్చిన అప్పుకు వడ్డీ తక్‌పట్టీలోనే పట్టుకునేవారు. అప్పు ఇచ్చినవాడికే పంట అమ్మాలన్న కట్టుబాటులో రైతుకు బేరమాడే నోరు ఉండేది కాదు. ఆ రోజులు అలాగే తిరిగి రావాలని నేను కోరడం లేదు. 1966 నాటి వ్యవసాయ ఉత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టం, దాని కింద ఏర్పడిన కమిటీలు, 2016లో మొదలైన ఈ-నామ్ (జాతీయ వ్యవసాయ మార్కెట్) ఆన్‌లైన్ వేలం, ఇవన్నీ ఆ అన్యాయాన్ని తగ్గించడానికి వచ్చినవే. కానీ యార్డులో మోసాన్ని సరిదిద్దే లోపలే యార్డులో వ్యాపారం పలచబడిపోయింది.

ఎలా పలచబడిందో పంటల వారీగా చూద్దాం. ముందు వరి. సాగర్ ఎడమ కాలువకు 1967 ఆగస్టులో నీళ్లు వదిలినప్పటి నుంచి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి ఉన్నదే. తర్వాత కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల కింద పాలమూరు మెట్టకూ నీళ్లొచ్చాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు రావడంతో బోర్ల కింద కూడా వరి పెరిగింది. వలస బస్సులెక్కిన ఊళ్లలో వరి నాట్లు పడటం చూసి సంతోషించని మనిషి ఈ ప్రాంతంలో ఉండడు. ఆ వడ్లను ఊళ్లోనే ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) మహిళా సంఘాలో సహకార సంఘాలో కొంటున్నాయి, మద్దతు ధర నేరుగా రైతు ఖాతాలో పడుతోంది. మిర్యాలగూడ చుట్టుపక్కలైతే మిషన్ కోసిన పచ్చి వడ్లు ట్రాక్టర్ మీద పొలం నుంచే మిల్లు గేటుకు పోతాయి. రైతుకు ఇది మేలే. కానీ ఈ దారిలో ఎక్కడా పట్టణపు బజారు తగలదు.

పత్తి కూడా అంతే. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోళ్లు ఎక్కువగా జిన్నింగ్ మిల్లుల్లోనే జరుగుతున్నాయి, ఆ మిల్లులు హైవే పక్కన ఉన్నాయి. 2025 సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుని, ఆ రోజున బండి కట్టుకుని మిల్లుకు పోవాలి. తేమ 12 శాతం దాటితే వెనక్కి రావాలి. వెనక్కి తిప్పిన పత్తిని మళ్లీ ఊరిదాకా మోయలేక దారిలోనే ప్రైవేటు వ్యాపారికి వచ్చిన ధరకు వదిలేసే రైతులను ఏటా చూస్తున్నాం. యార్డులో అయితే కనీసం నాలుగు రోజులు ఆరబోసుకునే జాగా ఉంటుంది. మక్తల్, గద్వాల వైపు రైతులు సరిహద్దు దాటి రాయచూరుకు సరుకు తీసుకెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. అక్కడ అమ్మినవాడు అక్కడే సామాను కొనుక్కుని వస్తాడు. నల్లగొండ బత్తాయి సంగతి ఇంకో రకం. వ్యాపారి తోట మీదికే వచ్చి, ధర తెంపి, టన్నుకు ఇంతని ‘సూటు’ (తరుగు) తీసేసి లారీకెత్తిస్తాడు.

2020లో కేంద్రం తెచ్చిన సాగు చట్టాలు యార్డు బయటి వ్యాపారానికి తలుపులు తెరుస్తాయని దేశమంతా గొడవ జరిగింది, 2021లో వాటిని రద్దు చేశారు. మా దగ్గర మాత్రం యార్డు బయటి వ్యాపారం ఆ చట్టాల అవసరం లేకుండానే నిక్షేపంగా సాగుతోంది.

ఇక్కడ కమిటీల వారికి ఒక మాట. పత్తి మిల్లులో కొన్నా, వడ్లు ఊళ్లో కొన్నా, విలువ మీద నూటికి ఒక రూపాయి మార్కెట్ సెస్సు మీకు వస్తూనే ఉంది. కాబట్టి లెక్కల ప్రకారం చూస్తే కమిటీ ఆదాయం బాగుంటుంది, యార్డు మాత్రం బోసిగా ఉంటుంది. వేలం జరగాల్సిన షెడ్లు గోదాములవుతున్నాయి, గోదాములు కిరాయికి పోతున్నాయి. పన్ను చేతికందుతున్నంత కాలం పంట గేటు దాటి లోపలికి రావాలన్న తొందర ఎవరికీ ఉండదు. పైగా పాలకవర్గం పదవులన్నీ ప్రభుత్వం నామినేట్ చేసేవే కనుక, యార్డు ఎందుకు ఖాళీగా ఉందని నిలదీసే రైతు ఓటు అందులో లేదు. పదవుల్లో ఉన్నవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వారిలో మంచి రైతులు కూడా ఉన్నారు. కానీ జవాబు చెప్పాల్సిన అవసరం పై వాళ్లకే తప్ప కింద వాళ్లకు లేని చోట ఏ సంస్థ అయినా ఇలాగే అవుతుంది.

వరి, పత్తి సంగతి అలా ఉంచి, మెట్ట పంటల విషయంలో నాకున్న బాధను కొంచెం విపులంగా చెప్పుకుంటాను, ఎందుకంటే ఈ లేఖ రాయించింది అదే. దేవరకొండ, చందంపేట, డిండి, అచ్చంపేట వైపు ఎత్తు భూములకు కాలువ నీళ్లు ఇప్పట్లో వచ్చేలా లేవు. ఆశ పెట్టుకున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లది. దాని పనులు 20 ఏళ్లుగా సాగుతున్నాయి, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర అది కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయిన తర్వాత ఆ ఆశ ఇంకా వెనక్కి పోయింది. నీళ్లు వచ్చేదాకా ఆ రైతులు వాన మీద ఆధారపడి కంది, ఆముదం, జొన్న, పత్తి వేసుకోవాల్సిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆముదం అంటే పాలమూరు, నల్లగొండ జిల్లాలే గుర్తుకొచ్చేవి. ఇప్పుడు నా దుకాణానికి ఆముదం విత్తనాల కోసం వచ్చేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పండిస్తే అమ్ముకునే చోటు దగ్గర్లో లేదన్నదే వాళ్లు చెప్పే మొదటి కారణం.

కందులకు 2025–26లో కేంద్రం క్వింటాలుకు 8,000 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఆ ధర దొరకాలంటే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) చేసే పంట నమోదులో పేరుండాలి, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా సరిపోలాలి, కొనుగోలు కేంద్రం తెరిచి ఉండాలి, ఎకరాకు ఇంతేనన్న పరిమితిలో సరుకు ఉండాలి. పత్తి చేనులో సాళ్ల మధ్య కంది వేసిన ఆడమనిషికి చివరకు వచ్చేది బస్తానో బస్తాన్నరో. ఆ కొద్దిపాటి సరుకు కోసం ఇన్ని కాగితాలు పట్టుకుని ఆమె తిరగదు. ఊళ్లోకి టాటా ఏస్ వేసుకుని వచ్చే దళారి కొక్కెం కాంటా తగిలించి, చేత్తో సంచిని కొద్దిగా పైకెత్తి పట్టుకుని తూకం చెబుతాడు. ముల్లు ఎక్కడ ఆగిందో ఆమెకు కనిపించదు. ధర కూడా ఆయన నోటి మాటే. కౌలు రైతు అయితే ఇంకా హీనం. కౌలుదారులకు గుర్తింపు కార్డులు ఇవ్వాలని 2011లో చట్టం వచ్చింది. అయినా 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం మొదలైనప్పుడు డబ్బు పట్టా ఉన్నవారికే పోయింది. పట్టా లేనివాడి పంట కొనుగోలు కేంద్రం కాంటా మీదికి ఎక్కాలంటే ఇప్పటికీ పట్టాదారు కనికరం కావాలి.

ఈ చిన్న చిన్న మూటల సరుకే ఒకప్పుడు మా బజారును బతికించింది. పెద్ద రైతు హైదరాబాద్ పోయి కొనుక్కుంటాడు. బస్తా కందులు అమ్మిన మనిషి ఆ డబ్బును ఆ రోజే, ఆ ఊళ్లోనే ఖర్చు పెట్టేది. ఖాతాలో పడే డబ్బుకు ఆ గుణం లేదు. అది పడినప్పుడు బ్యాంకు పాత అప్పు కింద ఎంత పట్టుకుంటుందో తెలియదు, మిగిలినది ఫోన్‌లోనే ఎటో పోతుంది.

ఇక పురపాలక శాఖ వారికి. బైపాస్ రోడ్లు రావడం ప్రాణాలు కాపాడిన మంచి పని. లారీలు బజారు మధ్య నుంచి పోవాలని ఎవరూ కోరుకోరు. సూర్యాపేట, జడ్చర్ల వంటి పెద్ద ఊళ్లు బైపాస్ వచ్చినా తట్టుకోగలవు. చిన్న పట్టణాలకు మాత్రం బైపాస్ వెంటే మిగతావన్నీ తరలిపోతున్నాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగాక కట్టిన కలెక్టరేట్లు చాలాచోట్ల ఊరి బయటే వెలిశాయి, మిగతా కార్యాలయాలదీ అదే దారి. విశాలమైన భవనాలు కావాల్సిందే. కానీ తహసీల్ పని మీద వచ్చిన రైతు ఆటో దిగి, సంతకం పెట్టించుకుని, అదే ఆటోలో వెనక్కి పోతున్నాడు. ఊళ్లోకి వచ్చానన్న మాటే గాని బజారు ముఖం చూడడు. కూరగాయల వాళ్లను కూడా ఊరి చివర కట్టిన సమీకృత మార్కెట్లకు పంపాలన్న ప్రయత్నం కొన్ని పట్టణాల్లో జరిగింది. గంప దించుకునే ఆడవాళ్లు జనం నడిచే చోటే కూర్చుంటారు, జనం లేని చోట ఎంత మంచి గద్దెలు కట్టినా కూర్చోరు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం సహజంగా ఏర్పడిన అంగళ్లను గుర్తించింది, పట్టణ విక్రయ కమిటీలో నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలని చెప్పింది. ఆ కమిటీ సమావేశం పెట్టి, తోపుడు బండి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగిన తర్వాతే వాళ్ల జాగా మార్చే మాట ఎత్తండి.

పొలాలు ప్లాట్లవుతున్న సంగతి వేరే రాయనక్కర్లేదు. నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాద్ నుంచి వచ్చే దారి పొడవునా రంగు జెండాలు, హద్దురాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. పల్లీ పండిన నేలలో గడ్డి మొలిచింది, ఆ గడ్డి మేయడానికి పశువులు కూడా లేవు.

మరి ఏం చేయమంటావని మీరు అడగవచ్చు. నేను అడిగేవి పెద్ద ప్రాజెక్టులేమీ కావు. మొట్టమొదట, మా పట్టణాల్లో వారానికోసారి జరిగే అంగడి రోజునే గంజ్‌లో మెట్ట పంటలకు బహిరంగ వేలం పెట్టండి. కంది, పల్లీ, ఆముదం, జొన్న, పెసర ఏదైనా సరే, ఒక్క బస్తా తెచ్చినా కాంటా వేయాలి, పాసుపుస్తకం అడగకూడదు. అది మద్దతు ధర కొనుగోలు కాదు కాబట్టి అడగాల్సిన పని కూడా లేదు. తేమ కొలిచే మిషను, జల్లెడ పట్టే మిషను, ఎలక్ట్రానిక్ కాంటా యార్డులోనే ఉండి, ముల్లు అయినా అంకె అయినా రైతు కళ్లకు కనిపించేలా పెట్టాలి. డబ్బు అదే రోజు చేతికో ఖాతాకో రావాలి. ఖరీదుదారులు రారన్న అభ్యంతరం వస్తుంది. బాదేపల్లి, నారాయణపేట యార్డుల్లో కొనే వ్యాపారులే వారంలో ఒక్క పూట పక్క పట్టణానికి వచ్చేలా ఉమ్మడి లైసెన్సు ఇచ్చి, మొదటి రెండు సీజన్లు వారి రవాణా ఖర్చులో కొంత కమిటీ భరిస్తే ఎందుకు రారు? దళారి పల్లెల్లో తిరిగి పోగుచేసిన సరుకు చివరకు చేరేది వాళ్ల దగ్గరికే.

పెబ్బేరు సంతను ఒకసారి చూసి రండి. పశువుల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, ఆ జనం కోసం చెరుకురసం బండి నుంచి తాళ్ల దుకాణం దాకా అన్నీ వస్తాయి. అంగడి అంటే వేలం పాడుకున్నవాడు తైబజారు (అంగడిలో కూర్చున్నందుకు కట్టే రుసుము) వసూలు చేసుకునే రోజు మాత్రమే అయిన చోట ఆ జనం రారు. మా పట్టణాల అంగడి జాగాల్లో నీడ లేదు, తాగునీరు లేదు, పొద్దున ఆరింటికి గంపతో వచ్చి సాయంత్రం ఏడింటి దాకా కూర్చునే ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఈ మూడూ కట్టడానికి మార్కెట్ సెస్సులో పట్టణం వాటాగా కొంత భాగం ఖర్చు పెట్టే వీలు కల్పించాలని నా విన్నపం. అంగడి మున్సిపాలిటీది, సెస్సు కమిటీది అనే గోడ అడ్డొస్తే, ఒకే ఊరికి చెందిన రెండు కార్యాలయాలు ఒక ఒప్పంద కాగితం మీద సంతకం చేసుకోవడం అంత కష్టమైన పని కాదు. తైబజారు కూడా ఒక్క బుట్టతో వచ్చేవారికి మాఫీ చేయండి. దాని వల్ల పోయే ఆదాయం అంత లెక్కపెట్టదగింది కాదు.

సీసీఐ కొనుగోళ్లలో కొంత భాగమైనా, మిల్లు దూరంగా ఉన్న పట్టణాల్లో, మళ్లీ యార్డుల్లో జరిగేలా మార్కెటింగ్ శాఖ గట్టిగా అడగాలి. తేమ ఎక్కువని తిప్పిన బండికి యార్డు షెడ్డులో ఆరబోసుకునే హక్కు ఉండాలి. ఖాళీ షెడ్డు ఉండగా రైతు రోడ్డు మీద వడ్లు, పత్తి ఆరబోయడం, రాత్రిపూట ఆ కుప్పలకు బండ్లు తగిలి మనుషులు పోవడం మన దగ్గర ఏటా జరిగే ఘోరం.

ఇదంతా దుకాణదారు తన గిరాకీ కోసం రాసిన లేఖ అని ఎవరైనా అంటే నేను కాదనను. నా గిరాకీ ఉంది ఇందులో. అయితే నా దుకాణంలో విత్తనం కొన్నవాడు పంట అమ్ముకోగలిగితేనే వచ్చే ఏడు మళ్లీ వస్తాడు, ఉద్దెర తీరుస్తాడు. 2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు తెల్లవారుజామున చెప్పులు వరుసలో పెట్టి ఎదురుచూసినప్పుడు, ఎరువు దొరకనివాడు విత్తనం కూడా కొనలేదు. ఒకరి కష్టం ఇంకొకరి గల్లాపెట్టెలోకి ఎంత తొందరగా దిగుతుందో ఆ నెలలో మా వీధి మొత్తానికీ అర్థమైంది.

కందులు డిసెంబరు, జనవరిలో, యాసంగి పల్లీ ఫిబ్రవరి నుంచి వస్తాయి. ఆ లోగా ఉమ్మడి రెండు జిల్లాల్లో కనీసం నాలుగైదు పట్టణాలను ఎంచుకుని అంగడి రోజు వేలం మొదలుపెట్టాలని, ఏ పట్టణం, ఏ రోజు, ఏ ఏ పంటలు అన్న వివరాలను యార్డు గేటు మీదా, రైతు వేదికల్లోనూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని, సీజను ముగిశాక ఎంత సరుకు వచ్చింది, ఏ ధరకు పోయింది అన్న లెక్కను అక్కడే అతికించాలని కోరుతున్నాను. వీలు కాదనుకుంటే ఆ మాటనైనా కారణాలతో రాసి అదే గేటు మీద పెట్టించగలరు.

ఇట్లు,
పాలమూరు, నల్లగొండ జిల్లాల సరిహద్దు పట్టణంలోని ఒక విత్తనాల దుకాణదారు